గాల్లోకి కాల్చినా తూటా తూటాయే

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్ నగరంలో 2010 ఆగస్టులో ఒక మహిళ, భర్తతో గొడవ ముదిరిన సమయంలో, ఇంట్లోనే తుపాకీ పేల్చింది. అతను అంతకుముందూ తన మీద చేయి చేసుకున్నాడని, ఆ రోజు చంపుతానన్నాడని, దగ్గరికి రాకుండా బెదరగొట్టడానికే ఒక్కసారి కాల్చానని ఆమె చెప్పింది. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. 2012లో జ్యూరీ 12 నిమిషాల్లో ఆమెను దోషిగా తేల్చింది. శిక్ష 20 ఏళ్లు. మారణాయుధంతో దాడి చేస్తూ తుపాకీ పేలిస్తే కనీసం 20 ఏళ్లు వేయాల్సిందేనని అప్పటి ఫ్లోరిడా చట్టం. జడ్జి తగ్గిద్దామనుకున్నా వీల్లేదు.

ఈ కేసు సంగతి విన్న ఎవరికైనా కడుపు మండుతుంది. చంపే అవకాశం ఉండీ చంపకుండా వదిలేసిన మనిషికి ఇరవై ఏళ్లా? అదే తూటా అతనికి తగిలి అతను చనిపోయి ఉంటే, ఆత్మరక్షణ అని వాదించి ఆమె నిర్దోషిగా బయటపడే అవకాశం ఎక్కువ ఉండేదేమో అని అప్పట్లో చాలామంది అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, అందుకే అది అంత కలవరపెడుతుంది.

ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆత్మరక్షణలో హెచ్చరికగా తుపాకీ పేల్చడం దాదాపు ప్రతిసారీ చెడ్డ నిర్ణయమే. అయినా సరే, నిజంగా ప్రాణభయంతో అలా చేసిన మనిషిని, చంపినవాడికన్నా కఠినంగా శిక్షించే చట్టం అన్యాయమైనది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. మొదటిది ఒప్పుకుంటే రెండోది వదులుకోవాలని కొందరు, రెండోది ఒప్పుకుంటే మొదటిది మర్చిపోవాలని కొందరు వాదించడం వల్లే ఈ చర్చ ఇంత గజిబిజి అయింది.

చట్టం చూసేది ఉద్దేశం ఒక్కటే కాదు

మామూలు మనిషి ఆలోచన ఇలా ఉంటుంది. ముందు మాటతో చెప్పి చూస్తాం. వినకపోతే తుపాకీ చూపిస్తాం. అప్పటికీ వినకపోతే గాల్లోకి కాలుస్తాం. అదీ పనిచేయకపోతే మనిషిని కాలుస్తాం. మెట్టు మీద మెట్టు. ఇందులో గాల్లోకి కాల్చడం మూడో మెట్టు, మనిషిని కాల్చడం నాలుగోది.

చాలా దేశాల చట్టాల్లో ఆ మెట్లు అలా లేవు. తుపాకీ చూపించడానికీ పేల్చడానికీ మధ్య ఒక పెద్ద గీత ఉంది. పేల్చాక అది ఎటు పేల్చారన్నది చాలాసార్లు రెండో ప్రశ్న అయిపోతుంది.

అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ 1962లో తయారు చేసిన నమూనా శిక్షాస్మృతిని తీసుకుందాం. చాలా రాష్ట్రాలు తమ చట్టాలను దాన్ని చూసే దిద్దుకున్నాయి. ప్రాణాంతక బలం అంటే ఏమిటో అందులో ఒక నిర్వచనం ఉంది. చావు లేదా తీవ్ర గాయం కలిగించాలనే ఉద్దేశంతో వాడిన బలం, లేదా అలాంటి ముప్పు గట్టిగా ఉందని తెలిసీ వాడిన బలం. ఆ వెంటనే ఇంకో వాక్యం ఉంది: ఒక మనిషి ఉన్న దిక్కుగా కావాలని తుపాకీ పేలిస్తే అది ప్రాణాంతక బలమే. తగలాలని కాల్చారా, తగలకూడదని కాల్చారా అని ఆ వాక్యం అడగదు. ఆ తర్వాతి వాక్యం ఇంకా ముఖ్యం. అవసరమైతే కాలుస్తానని ఎదుటివాడికి అర్థమయ్యేలా ఆయుధం తీసి చూపించడం, ఉద్దేశం అంతవరకే ఉంటే, ప్రాణాంతక బలం కిందికి రాదు. టెక్సస్ శిక్షాస్మృతిలోనూ ఇదే మాట ఉంది.

అంటే చూపించడం బెదిరింపు, పేల్చడం ప్రయోగం. మరి ఆకాశంలోకి, నేలలోకి కాలిస్తే? మనిషి ఉన్న దిక్కు కాదు కాబట్టి ఆ వాక్యం నేరుగా వర్తించదు. అప్పుడు మళ్లీ మొదటి పరీక్షకే వెళ్లాలి: ఆ తూటా వల్ల ఎవరికైనా గట్టి ముప్పు ఉందని కాల్చినవాడికి తెలుసా? ఊరి మధ్యలో ఒక సమాధానం వస్తుంది, మనుషులే లేని చోట ఇంకోటి. ఎక్కువమంది జీవించేది ఊళ్ల మధ్యనే.

ప్రాణాంతక బలం అని తేలితే దాని షరతులన్నీ వచ్చి పడతాయి. చావో తీవ్ర గాయమో తప్పదనేంత ముప్పు ఉండాలి. అది రేపో ఎల్లుండో కాదు, ఆ క్షణంలో ఉండాలి. ఆ భయం అదే పరిస్థితిలో ఉన్న ఇంకొకరికీ కలిగేంత సహేతుకంగా ఉండాలి. ఈ షరతులు తీరితే ఆ మనిషినే కాల్చే హక్కు ఉంది. తీరకపోతే గాల్లోకి కాల్చే హక్కు కూడా లేదు. హెచ్చరిక కాల్పులకు విడిగా ఒక చిన్న అర్హత అంటూ లేదు.

ఇక్కడే ప్రాసిక్యూటర్‌కు ఒక పదునైన ప్రశ్న దొరుకుతుంది. "నీ ప్రాణం ఆ క్షణమే పోతుందని నిజంగా భయపడితే పక్కకు ఎందుకు కాల్చావు? పక్కకు కాల్చేంత తీరిక ఉందంటే అంత ముప్పు లేనట్టే కదా?" ఈ వాదన నాకు న్యాయంగా అనిపించదు. ప్రాణభయంలో ఉన్న మనిషికి కూడా ఎదుటి మనిషిని చంపడానికి చేతులు రావు. ఎదురుగా ఉన్నది భర్తో, తమ్ముడో, తెలిసినవాడో అయితే అసలే రావు. ఆ వెనకడుగును భయం లేకపోవడానికి రుజువుగా చూపడం మనిషి మనసు తెలియని తర్కం. కానీ అది న్యాయమైనా కాకపోయినా కోర్టుల్లో పనిచేస్తుంది. తుపాకీ ఇంట్లో ఉన్న ప్రతివాళ్లూ ఇది తెలుసుకుని ఉండాలి.

గోడలో రంధ్రం

జాక్సన్‌విల్ కేసుకే తిరిగి వెళ్తే, అసలు తగువంతా ఒక రంధ్రం చుట్టూ తిరిగింది. తూటా గోడలోంచి దూసుకెళ్లి పైకప్పులో దిగింది. భర్తతో పాటు అతని ఇద్దరు పిల్లలూ ఆ సమయంలో ఇంట్లోనే ఉన్నారు. ఆమె బెదిరించడానికి కాల్చానంది. ప్రాసిక్యూషన్ మాత్రం, వాళ్లున్న దిక్కుగా కాల్చిందని, ముగ్గురి ప్రాణాలకూ ముప్పు తెచ్చిందని వాదించింది. అందుకే ఆమె మీద మూడు అభియోగాలు పడ్డాయి.

ఒక్క నిమిషం ఆ గోడ ముందు నిలబడి చూడండి. హెచ్చరికగా కాల్చిన తూటా చేసే రంధ్రం, గురి తప్పిన తూటా చేసే రంధ్రం ఒకేలా ఉంటాయి. తూటా మీద ఉద్దేశం రాసి ఉండదు. ఎత్తు ఎంత, కోణం ఏమిటి, ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడు అన్నవే మిగులుతాయి. ఆ రంధ్రం తల ఎత్తులో ఉంటే, "హెచ్చరికే" అన్న మాటను నమ్మేవాళ్లు తక్కువ. మనసులో ఏముందో కాల్చినవాళ్లకు మాత్రమే తెలుసు, తీర్పు చెప్పేవాళ్లకు కనిపించేది గోడే.

ఇంకో విషయం కూడా ఆమెకు అడ్డొచ్చింది. గొడవ మధ్యలో ఆమె గ్యారేజీలోకి వెళ్లింది. బయటికి వెళ్లే తలుపు తెరుచుకోలేదని, కారులో ఉన్న తుపాకీ తీసుకుని లోపలికి వచ్చానని చెప్పింది. తిరిగి లోపలికి రావడం ప్రాణభయంతో ఉన్న మనిషి చేసే పనిలా లేదని, దాడికి గురైనవాళ్లు వెనక్కి తగ్గనక్కర్లేదన్న 'స్టాండ్ యువర్ గ్రౌండ్' రక్షణ ఆమెకు వర్తించదని జడ్జి తేల్చారు. తూటా ఎటు వెళ్లిందన్నదానితో పాటు, అంతకు ముందు నిమిషంలో కాళ్లు ఎటు నడిచాయన్నది కూడా కేసును మార్చేస్తుంది.

2013లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆత్మరక్షణను తానే రుజువు చేసుకోవాలన్నట్టుగా జ్యూరీకి సూచనలు ఇచ్చారని, ఆ భారం ఆమె మీద మోపడం తప్పని చెప్పింది. మళ్లీ విచారణ మొదలయ్యేలోగా 2014 చివర్లో ఆమె ప్రాసిక్యూషన్‌తో ఒప్పందానికి వచ్చింది. 2015 జనవరిలో జైలు నుంచి బయటికొచ్చింది, ఆ పైన రెండేళ్ల గృహనిర్బంధం. ఈలోగా 2014 జూన్‌లో ఫ్లోరిడా చట్టాన్ని మార్చింది. బలం వాడటం సమర్థనీయమైన చోట బలం వాడతానని బెదిరించడం కూడా సమర్థనీయమే అని చేర్చింది. పత్రికలు దాన్ని 'వార్నింగ్ షాట్ బిల్లు' అన్నాయి. 2016లో ఆ కనీస శిక్షల జాబితా నుంచి మారణాయుధంతో దాడి అభియోగాన్ని తీసేశారు.

ఆ సవరణను చాలామంది పొరపాటుగా అర్థం చేసుకున్నారు. గాల్లోకి కాల్చుకోవచ్చని ఫ్లోరిడా అనుమతి ఇవ్వలేదు. ప్రాణాంతక బలం వాడే హక్కు ఉన్న సందర్భంలోనే ఆ బెదిరింపుకూ రక్షణ ఉంటుందని మాత్రమే చెప్పింది. షరతు సడలలేదు. చంపినవాడికి దొరికే రక్షణ చంపనివాడికి కూడా దొరకాలన్న చిన్న న్యాయం అందులో ఉంది. నా దృష్టిలో అంతవరకూ అది సరైన సవరణే. తప్పల్లా దాన్ని సలహాగా చదువుకోవడంలో ఉంది.

పెద్దవాళ్లు కూడా ఆ తప్పు చేశారు. 2013లో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జో బైడెన్, ఇంటికి ముప్పు అనిపిస్తే బాల్కనీలోకి వెళ్లి డబుల్ బ్యారెల్ షాట్‌గన్‌తో రెండుసార్లు పేల్చమని తన భార్యకు చెప్పానని బహిరంగంగానే అన్నారు. అది ఆయన సొంత రాష్ట్రం డెలావేర్‌లోనే చట్టవిరుద్ధం కావచ్చని న్యాయవాదులు వెంటనే ఎత్తిచూపారు. కొన్ని నెలలకు వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక వ్యక్తి, తన కార్ల దగ్గర దొంగలు తచ్చాడుతున్నారని షాట్‌గన్ గాల్లోకి పేల్చి కేసులో ఇరుక్కున్నాడు. బైడెన్ చెప్పినట్టే చేశానన్నాడు. ఆ మాట అతన్ని కేసు నుంచి కాపాడలేదు. రెండు గుళ్లే పట్టే తుపాకీలో రెండూ ఆకాశానికి ఖర్చు చేస్తే, ఎదుటివాడు పారిపోకపోతే చేతిలో మిగిలేది ఏమిటన్న ప్రశ్నకూ ఆ సలహాలో జవాబు లేదు.

జర్మనీ ఎందుకు వేరుగా ఆలోచిస్తుంది

ఇప్పటిదాకా చెప్పింది చదివి ప్రపంచమంతా ఇంతే అనుకోకూడదు. జర్మనీలో లెక్క దాదాపు తలకిందులు.

జర్మనీ శిక్షాస్మృతి సెక్షన్ 32 ఆత్మరక్షణను గట్టిగానే సమర్థిస్తుంది. కానీ తుపాకీ విషయంలో ఆ దేశపు అత్యున్నత క్రిమినల్ కోర్టు దశాబ్దాలుగా ఒక వరుస చెబుతోంది. సాధారణంగా ముందు వాడతానని హెచ్చరించాలి. అది చాలకపోతే, వీలుంటే, హెచ్చరికగా కాల్చాలి, లేదా కాళ్లలాంటి చోట ప్రాణం పోకుండా కాల్చాలి. ప్రాణం తీసే తూటా చివరిది. అంటే అమెరికాలో మిమ్మల్ని జైలుకు పంపగల అదే తూటా, అక్కడ మీ నిజాయితీకి సాక్ష్యం అవుతుంది. హెచ్చరించకుండా నేరుగా ఛాతీకి కాలిస్తే, "ముందు ఎందుకు హెచ్చరించలేదు?" అన్న ప్రశ్న వస్తుంది.

అయితే ఆ కోర్టే ఇంకో మాట కూడా అంటుంది. మెత్తని మార్గం పనిచేస్తుందో లేదో తెలియనప్పుడు, దాడికి గురైనవాడు తన ప్రాణం పణంగా పెట్టి దాన్ని పరీక్షించనక్కర్లేదు. కత్తితో రెండడుగుల దూరంలో ఉన్నవాడికి హెచ్చరికలు చేసే టైమ్ ఉండదు. దూరం ఉంటే, వ్యవధి ఉంటే, తూటా వెళ్లడానికి సురక్షితమైన చోటు ఉంటే మాత్రమే ఆ వరుస.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, అమెరికా చట్టం ప్రధానంగా "నీకు ఈ బలం వాడే హక్కు ఉందా లేదా" అని అడుగుతుంది. జర్మనీ ఆ పైన "నీ చేతిలో ఉన్న దారుల్లో, అంతే ఖాయంగా పనిచేసే వాటిలో, తక్కువ హాని చేసేది ఎంచుకున్నావా" అని కూడా అడుగుతుంది. నాకు రెండో ప్రశ్న మనిషి ప్రాణానికి ఎక్కువ విలువ ఇచ్చినట్టు కనిపిస్తుంది. మొదటిది భయంలో ఉన్నవాడి మీద తక్కువ భారం వేస్తుంది. రెండింటికీ వెల ఉంది.

మన చట్టంలో

భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 34 నుంచి 44 దాకా ప్రైవేట్ డిఫెన్స్, అంటే ఆత్మరక్షణ హక్కు గురించే. పాత ఐపీసీలో ఇవి 96 నుంచి 106. 2024 జులై 1 నుంచి కొత్త నంబర్లు వచ్చాయి కానీ సరుకు పెద్దగా మారలేదు. ఈ సెక్షన్లలో ఎక్కడా హెచ్చరిక కాల్పుల ప్రస్తావన లేదు. కాబట్టి మామూలు సూత్రాలనే వాటికి వర్తింపజేసి చూడాలి.

సెక్షన్ 40 ప్రకారం దాడి జరిగేదాకా ఆగనక్కర్లేదు. ప్రయత్నం వల్లో బెదిరింపు వల్లో సహేతుకమైన భయం కలగగానే హక్కు మొదలవుతుంది, ఆ భయం పోగానే ముగుస్తుంది. సెక్షన్ 38 ఏడు సందర్భాల్లో ఆ హక్కును ప్రాణం తీసేంతవరకూ సాగనిస్తుంది. సెక్షన్ 37 పగ్గం వేస్తుంది: పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు, కాపాడుకోవడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేయకూడదు.

ఈ చివరి మాట వల్ల మన చట్టం జర్మనీకి కాస్త దగ్గరగా నిలుస్తుంది. నిజంగా ప్రాణం తీసే హక్కు పుట్టిన సందర్భంలో ఒకరు ముందు గాల్లోకి కాలిస్తే, అవసరానికి మించి హాని చేయాలనుకోలేదని చెప్పడానికి అది పనికొస్తుంది. దాడిలో ఉన్నవాడు తన బలాన్ని అంకెల లెక్కన అడుగడుగునా కొలుచుకుని వాడాలని ఆశించడం కుదరదని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. ఆత్మరక్షణ అనే మినహాయింపును రుజువు చేసుకోవాల్సింది నిందితుడే అయినా, అనుమానానికి తావులేనంతగా రుజువు చేయనక్కర్లేదు, జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలు.

అంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు రెండో వైపు చూడండి. ప్రాణభయం లేదు, పొలం గట్టు తగాదానో పార్కింగ్ గొడవో. లైసెన్సు ఉన్న తుపాకీ తీసి బెదిరించడానికి గాల్లోకి పేల్చాడు. 2019లో ఆయుధాల చట్టానికి చేర్చిన సెక్షన్ 25(9) నేరుగా దీని మీదికి వస్తుంది. నిర్లక్ష్యంగా తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పెళ్లి ఊరేగింపుల్లో కాల్చే సరదా కాల్పులకు తెచ్చిన సెక్షన్ ఇదే. ఎదుటివాడు స్టేషన్‌కు వెళ్లి "నన్నే కాల్చాడు, గురి తప్పింది" అంటే న్యాయ సంహిత సెక్షన్ 109 కింద హత్యాయత్నం కేసు, పదేళ్ల దాకా శిక్ష. మళ్లీ అదే గోడ, అదే రంధ్రం. లైసెన్సు రద్దు సంగతి సరేసరి.

ఆ గాల్లోకి వెళ్లిన తూటా మేడ మీద ఉన్న ఎవరికో తగిలి చనిపోతే? ఇక్కడ సెక్షన్ 44ను జాగ్రత్తగా చదవాలి. ప్రాణాంతక దాడిని తప్పించుకోవడానికి అమాయకుడికి హాని జరిగే రిస్క్ తీసుకోక తప్పకపోతే, ఆ రిస్క్ తీసుకోవచ్చని అది చెబుతుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: చంపడానికి మీద పడ్డ గుంపులో చిన్నపిల్లలు కలిసిపోయి ఉన్నారు, గుంపు మీద కాల్చకుండా బతికే దారి లేదు, కాల్చాడు, పిల్లలకు తగిలింది. అతను నేరం చేయలేదు. గమనించాల్సింది "కాల్చకుండా దారి లేదు" అన్న మాట. దాడి చేసేవాడి మీదికి కాల్చినవాడు ఈ మాట అనగలడు. ఎవరూ లేని ఆకాశంలోకి కాల్చినవాడు, ఆ తూటా వేరెవరికో తగలడం తన ప్రాణరక్షణకు తప్పనిసరి అయిందని చెప్పడం చాలా కష్టం. అమాయకుడు చనిపోతే సెక్షన్ 106, నిర్లక్ష్యంతో మరణం, ఐదేళ్ల దాకా జైలు. అంటే కాపాడదామని చేసిన పని, కాపాడే సెక్షన్ నుంచే మనిషిని కాస్త దూరం జరుపుతోంది.

పైకి వెళ్లింది ఎక్కడ దిగుతుంది

గాల్లోకి కాల్చడం ప్రమాదం లేని పని అనే నమ్మకం అందరిలోనూ ఉంది. సినిమాలు చూసి కొంత, "పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపారు" అన్న హెడ్డింగులు చదివి కొంత. ఆ కాల్పులు చేసేవాళ్లకు చట్టం ఇచ్చిన ప్రత్యేక అధికారాలు ఉంటాయి. మామూలు పౌరుడికి ఉండవు. తూటా మాత్రం ఇద్దరిదీ ఒకేలా కిందికి వస్తుంది.

1920 ప్రాంతంలో అమెరికా సైన్యం ఫ్లోరిడా తీరంలో దీన్ని పరీక్షించింది. నీళ్ల మీద పదడుగుల వేదిక కట్టి, అక్కడి నుంచి మెషీన్‌గన్‌తో నిట్టనిలువుగా 500కు పైగా తూటాలు కాల్చారు. పడే తూటాలు వేదిక మీదే పడేలా గురి దిద్దుతూ ఎంత ప్రయత్నించినా, తిరిగి దాని మీద పడినవి నాలుగే. మిగతావి ఎక్కడెక్కడో పడ్డాయి. బిగించిన తుపాకీతో, నిపుణులు, తీరిగ్గా చేసిన ప్రయోగంలోనే అలా ఉంటే, వణికే చేత్తో కాల్చిన తూటా ఎక్కడ పడుతుందో చెప్పేదెవరు?

ఆ ప్రయోగాల్లో నిలువుగా వెళ్లిన రైఫిల్ తూటా దాదాపు 9,000 అడుగుల ఎత్తుకు వెళ్లి, సెకనుకు సుమారు 300 అడుగుల వేగంతో కిందికి వచ్చింది. సెకనుకు 200 అడుగుల వేగం చాలు, పుర్రె పగలడానికి. పైగా నిజ జీవితంలో ఎవరూ నిట్టనిలువుగా కాల్చరు. కాస్త వంపుగా వెళ్లిన తూటా తన వేగాన్ని అంతగా కోల్పోదు, కిలోమీటరుకు పైగా ప్రయాణించి చాలా ఎక్కువ ప్రమాదకరంగా దిగుతుంది. లాస్ ఏంజెలెస్‌లో ఒక ఆసుపత్రి డాక్టర్లు 1985 నుంచి 1992 వరకు ఇలా పైనుంచి పడ్డ తూటాలు తగిలి వచ్చిన 118 మంది కేసుల్ని పరిశీలించారు. వారిలో 38 మంది చనిపోయారు. 1999లో ఫీనిక్స్ నగరంలో తన ఇంటి పెరట్లో ఉన్న 14 ఏళ్ల అమ్మాయి అలాగే చనిపోయింది. మరుసటి ఏడు అరిజోనా రాష్ట్రం ఊరి పరిధిలో నిర్లక్ష్యంగా తుపాకీ పేల్చడాన్ని తీవ్ర నేరంగా మార్చింది.

సరే, నేలలోకి కాలుద్దామా? మెత్తటి మట్టి అయితే తూటాను మింగేస్తుంది. కాంక్రీటు, రాయి, టైల్స్ అయితే తూటా పైకి లేచి, ఎక్కువగా ఆ ఉపరితలానికి దగ్గరగానే దూసుకెళ్తుంది. అంటే కాళ్ల ఎత్తులో. ఇంట్లో అయితే పలుచని గోడలు తూటాను ఆపవు, పక్క గదిలో నిద్రపోతున్నదెవరో దానికి తెలియదు. ఎదుటివాడి వెనుక ఏముందో చూడాలన్నది తుపాకీ శిక్షణలో మొట్టమొదట నేర్పే నియమాల్లో ఒకటి. హెచ్చరికగా కాల్చేటప్పుడు ఎదుట గురే ఉండదు. దాని వెనుక ఏముందో చూసే ఆలోచన అసలే రాదు.

ఎదుటివాడికి ఏం అర్థమవుతుంది

హెచ్చరిక అంటే ఒక సందేశం. అది చేరాలి. ఇక్కడే నాకు అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది కనిపిస్తుంది.

గదిలో పేలిన పిస్తోలు మోత 150 డెసిబెళ్లు దాటుతుంది. ఆ తర్వాత కాసేపు ఇద్దరికీ చెవులు గింగుర్లెత్తుతాయి. "ఆగు, కదిలితే కాలుస్తా" అని అరిచినా సరిగ్గా వినపడదు. ఎదుటివాడికి అది హెచ్చరికగా అనిపిస్తుందన్న నమ్మకం లేదు. తన మీదికే కాల్చి గురి తప్పారని అనుకుంటే, పారిపోవచ్చు, లేదా తన దగ్గరున్న ఆయుధంతో ఎదురు కాల్చవచ్చు. ఈవిడ నన్ను చంపదు, చంపేదే అయితే చంపేసేది అని ఇంకాస్త ధైర్యంగా ముందుకు రావచ్చు. మూడూ జరుగుతాయి. ఏది జరుగుతుందో కాల్చేవాళ్ల చేతిలో లేదు. పక్కింటివాళ్లకు, దారిన పోయే పోలీసుకు వినపడేది ఒక కాల్పు మాత్రమే. అప్పటికి లోపలికి వచ్చే పోలీసుకు చేతిలో తుపాకీ ఉన్న మనిషే నేరస్థుడిలా కనిపిస్తాడు.

శిక్షణ ఉన్న సైనికుల విషయంలోనే ఇది ఎంత తడబడుతుందో 2005 మార్చిలో బాగ్దాద్‌లో తెలిసింది. అమెరికా సైనికుల చెక్‌పోస్టు దగ్గరికి వస్తున్న కారు మీద కాల్పుల్లో ఇటలీ నిఘా అధికారి నికోలా కాలిపారి చనిపోయారు. లైట్లతో సైగ చేశామని, హెచ్చరికగా కాల్చామని అమెరికన్లు చెప్పారు. అలాంటి హెచ్చరికేదీ తమకు అందలేదని కారులో ఉన్నవాళ్లు చెప్పారు. రెండు దేశాలు కలిసి విచారించి కూడా ఒక్క ముగింపుకు రాలేకపోయాయి.

పోలీసుల్లోనూ ఈ వాదన తెగలేదు. న్యూయార్క్ పోలీసు శాఖ హెచ్చరిక కాల్పుల్ని నిషేధించింది. అమెరికా న్యాయశాఖ తన ఏజెంట్లకు జైళ్లలో తప్ప వీటిని ఒప్పుకోదు. కానీ 2017లో అంతర్జాతీయ పోలీసు చీఫ్‌ల సంఘంతో సహా 11 సంస్థలు కలిసి రాసిన విధానంలో కొంత సడలింపు వచ్చింది. ప్రాణాంతక బలానికి అర్హమైన పరిస్థితి ఉండాలి, తూటాకు నిర్దిష్టమైన గురి ఉండాలి, ఇతరులకు హాని జరిగే ముప్పు పెద్దగా లేదని అధికారికి సహేతుకమైన నమ్మకం ఉండాలి అని షరతులు పెట్టారు. ఒక్క ప్రాణం మిగిలినా మేలే కదా అన్నది వారి వాదన, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. కానీ ఆ షరతులన్నీ తీరే చోటు, అంటే వెనక మట్టిదిబ్బ, చుట్టూ ఎవరూ లేరు, ఎదుటివాడు దూరంలో ఉన్నాడు, ఆలోచించే వ్యవధి ఉంది అనే చోటు, సామాన్యుడికి ఆత్మరక్షణలో దాదాపు ఎప్పుడూ ఎదురుకాదు. నిజంగా ఎదురైతే వెనక్కి తగ్గడానికి కూడా అక్కడ దారి ఉండే ఉంటుంది.

మరి ఏం చేయాలి? తూటా చేయాల్సిన హెచ్చరిక పని గొంతు చేయగలదు. గట్టిగా, చిన్న వాక్యాల్లో: "ఆగు. దగ్గరికి రాకు. పోలీసులకు ఫోన్ చేశాను." దానివల్ల ఎవరికీ గాయం కాదు, పక్కవాళ్లు సాక్షులవుతారు, ఫోన్ లైన్‌లో ఉంటే రికార్డు అవుతుంది. వీలైతే తలుపు మూసి గొళ్లెం పెట్టుకుని వెనక్కి తగ్గడం, ఆ తలుపుకూ తనకూ మధ్య దూరం పెంచుకోవడం. తుపాకీ తీయాల్సినంత భయం ఉన్నచోట తీసి పట్టుకోవడానికి చాలా చట్టాల్లో ఏదో ఒక సమర్థన దొరుకుతుంది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లేది, ఆ మనిషిని ఆపకపోతే చచ్చిపోతామన్న క్షణంలోనే. అప్పుడు పక్కకు కాల్చడానికి కారణం ఉండదు.

ఇంత తెలిసినా, భయంలో ఒకరు గాల్లోకి పేల్చేశారనుకుందాం. మొదట ఫోన్ చేయాల్సింది వాళ్లే, ఎదుటివాడు కాదు. చాలా కేసుల్లో ముందు ఫోన్ చేసినవాడే బాధితుడిగా రికార్డులోకి ఎక్కుతాడు. కింద పడ్డ ఖాళీ తూటా తొడుగును కదపకూడదు, గోడను పూడ్చకూడదు. తూటా ఏ దిక్కుగా వెళ్లిందో పోలీసులకు వెంటనే చెప్పాలి, ఆ వైపు ఇళ్లలో ఎవరికైనా తగిలిందేమో వాళ్లు వెళ్లి చూడాలి. ఎందుకు కాల్చారన్న వివరమైన వాంగ్మూలం లాయర్ వచ్చాక ఇవ్వొచ్చు.